మందు లేని రంగుపాతర
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన స్కాలర్‌షిప్పుతో హోసూరులో మెకానికల్ చదువుతున్న ఒక అబ్బాయి, పెయింట్‌బాల్ ఆటలో మళ్లీ మళ్లీ వాడుకోగల మందుపాతర తయారు చేశాడు. వంద డబ్బాలు చేయించి అమ్ముతాను, అమ్మ బంగారం తాకట్టు పెట్టండి అని ఇంట్లో పట్టుబట్టాడు. తండ్రిగారు నా దగ్గరకు వచ్చి, "బ్యాంకులో పనిచేశారు కదా, మీరే చెప్పండి" అన్నారు. వారి అనుమతితో ఆ లెక్కే మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆట సంగతి. 1981 జూన్ 27న అమెరికాలో, న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు హెన్నికర్‌లో పన్నెండు మంది మొదటిసారి దీన్ని ఆడారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెట్లకు, పశువులకు గుర్తు వేసే రంగు తుపాకులు. గెలిచినాయన ఒక్క గుండూ పేల్చకుండా జెండాలన్నీ పట్టుకొచ్చాడట! ఇప్పుడు బెంగళూరు చుట్టుపక్కల రిసార్టుల్లోనూ ఆడిస్తున్నారు. ఇందులో మందుపాతర అంటే, కాలు తగలగానే రంగు చిమ్మే డబ్బా. పేరులో మందు ఉంది గానీ డబ్బాలో ఉండరాదు. మందు కూరితే వ్యవహారం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం దాకా పోతుంది.

అబ్బాయి మొదటి నమూనాలో చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టాడు. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్‌లకు కాస్త పైన ఉంటుంది. ఆ సిలిండరులో 20 డిగ్రీల దగ్గరే సుమారు 57 బార్‌లు, 30 డిగ్రీలకు 70 దాటుతుంది. మన ఎండలు మీకు తెలియనివి కావు. పేలలేదేమిటని వంగి చూసే కుర్రవాడి మొహం గుర్తుంచుకో అన్నాను. సైకిలు పంపు గాలికి మార్చాడు. రంగు పైకి కాక, మోకాలి ఎత్తులో పక్కలకు చిమ్మేలా చేశాడు.

ఇక రూపాయలు. అంకెలన్నీ అతని అంచనాలే. ఒకసారి వాడి పారేసే డబ్బా 60 రూపాయలు. ఇతని డబ్బా ధర 3,000. ప్రతిసారీ రంగుకు, రబ్బరు రింగు అరుగుదలకు కలిపి 15. అంటే వాడకానికి 45 మిగులు. 67వ సారికి కొన్నవారి డబ్బు తిరిగి వస్తుంది. ఆదివారానికి నాలుగుసార్లు వాడితే పదిహేడు ఆదివారాలు. కొనేవారికి మంచి బేరమే.

అమ్మేవారి సంగతి? మైదానం యజమాని ఆరు డబ్బాలు కొంటే మళ్లీ ఏళ్ల తరబడి ఈ గుమ్మం తొక్కడు. గట్టి సరుకుతో వచ్చిన చిక్కే అది. పెన్ను ఒకసారి, రీఫిల్ పదిసార్లు అన్నట్టు, రింగులు, రంగు పొడి అమ్ముకోవచ్చు. అయితే బజారులో దొరకని కొలత రింగు పెట్టి కొన్నవాణ్ణి కట్టిపడేయడం నాకు నచ్చదు. వంద డబ్బాలు కొనేందుకు ఎన్ని మైదానాలు కావాలో చెప్పమంటే అబ్బాయి ఆలోచనలో పడ్డాడు.

చివరకు ఐదు డబ్బాలు మాత్రం చేశాడు. తయారీకి ఒక్కొక్కదానికి 2,000 అయింది. అమ్మకుండా ఒక మైదానానికి పేలుడుకు 40 చొప్పున అద్దెకిచ్చాడు. ఖర్చు 15 పోను 25 మిగులుతుంది. 80 సార్లు ఆడితే డబ్బా సొమ్ము వచ్చేస్తుంది. అన్నీ రింగు మన్నికను బట్టే. అది ఎన్నిసార్లకు పోతుందో నోటుపుస్తకంలో రాస్తున్నాడు. మొన్నటికి ఆరు ఆదివారాలు అయ్యాయి. బంగారం ఇంట్లోనే ఉంది.