దారి గడప దగ్గర మొదలవ్వాలి

(పుదుచ్చేరిలోని మేట్టుపాళయంలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తమిళంలో మేడు అంటే ఎత్తైన నేల, మన మెట్ట. పాళయం అంటే మన పాలెం. మనం కూర్చున్న ఈ మేట్టుపాళయాన్ని తెలుగులో మెట్టపాలెం అనుకోవచ్చు. సముద్రం పొంగితే పట్నం పరిగెత్తాల్సింది ఇటేనని పేరే చెబుతున్నట్టుంటుంది. కానీ ఇక్కడున్నది పారిశ్రామికవాడ, లారీల టెర్మినల్. ఆపద వేళ జనాన్ని ఏ దారిన తరలించాలి అన్న ప్రశ్నకు పేరును నమ్మి జవాబు చెప్పలేం.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. దాటి వెళ్లిపోలేదు, గంటల తరబడి ఇక్కడే నిలిచిపోయింది. ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కృష్ణానగర్, జీవానగర్ లాంటి కాలనీల్లో చిక్కుకున్న వాళ్లను సైన్యం వచ్చి బయటికి తేవలసి వచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే పడమట విళుపురం జిల్లా అరసూరు దగ్గర వరద నీరు పొంగి, చెన్నై-తిరుచ్చి జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. సముద్రానికి దూరంగా వెళ్లమని చెప్పే వైపే నీళ్లు నిలిచాయన్నమాట.

మూడు ఆపదలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. 10,000 మందికి పైగా పోయారు. ఉప్పెన వచ్చేటప్పుడు కావలసింది దూరం, అదీ ముందురోజే. ఫెంగల్ లాంటి వానకు కావలసింది ఎత్తు. పక్కింటి మేడ ఎక్కితే సరిపోయే చోట మనిషిని నీళ్ల రోడ్డు మీదికి పంపితే అదే ప్రమాదం. మూడోది 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైన స్టైరీన్. 12 మంది చనిపోయారు. ఆ రోజు ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువైనది, పల్లానికి దిగుతుంది. అలాంటప్పుడు గాలివాటానికి అడ్డంగా నడవాలి, పల్లంలోకి పోకూడదు. చీకట్లో, నిద్రమత్తులో ఈ సంగతి ఎవరికి తోస్తుంది? ముందే చెప్పి ఉండాలి.

ఇప్పుడు మేట్టుపాళయాన్ని చూడండి. ఉప్పెన భయముంటే జనం తీరం నుంచి ఇటువైపు రావాలి. ఇక్కడి ఏ ఫ్యాక్టరీలోనైనా ప్రమాదం జరిగితే జనం ఇక్కడి నుంచి బయటపడాలి. రెండూ ఒకే రాత్రి జరిగితే ఏం చేయాలో ఒకే బాణం గుర్తున్న మ్యాపు చెప్పదు.

ఇంతవరకు చెప్పింది ఇంజనీర్లు కూడా ఒప్పుకుంటారు. అసలు తగాదా ఇక్కడి నుంచే మొదలవుతుంది. తరలింపు దారుల లెక్క మామూలుగా ఎలా వేస్తారు? ఎన్ని వాహనాలు, రోడ్డు ఎంత వెడల్పు, ఎన్ని గంటలు. ఆ లెక్క మెయిన్ రోడ్డు మీద మొదలవుతుంది. మెయిన్ రోడ్డు దాకా మనిషి ఎలా వస్తాడన్నది అందులో ఉండదు. బండి లేనివాళ్లు, మోకాలిలోతు సందులో ముసలితల్లిని మోసుకుని రావలసినవాళ్లు ఆ లెక్కకు బయటే ఉంటారు.

అంటరానివాళ్లు ఊరి బయట ఎందుకున్నారని బాబాసాహెబ్ 1948లో ఒక పుస్తకంలో పెద్ద ప్రశ్నగానే అడిగారు. మనం దాని పక్కన ఇంకొకటి అడగాలి: ఊరి బయట ఉన్నవాళ్లు ఆపదలో ఎటునుంచి బయటపడాలి? మా కోస్తా ఊళ్లలో వాడ చాలాచోట్ల కాలువ గట్టు మీదో, ఊరి మురుగు చేరే పల్లంలోనో ఉంటుంది. అక్కడి నుంచి గట్టి రోడ్డెక్కాలంటే ఊరి మధ్య నుంచే పోవాలి. తుపాను హెచ్చరిక వచ్చినా మా నాయనమ్మ కదిలేది కాదు. "ఊళ్లో బడికెళ్తే మనల్ని ఏ మూల కూచోమంటారో నాకు తెలుసురా" అనేది. ఆమెకు తుపాను సంగతి తెలియక కాదు. దారి చివర ఏముందో తెలుసు కాబట్టి కదల్లేదు. అధికారి కాగితంలో మాత్రం అది "సహకరించని కుటుంబం" అవుతుంది.

చట్టం ఏమంటోంది? 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ కులం, మతం, లింగం ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. మంచిదే. కానీ అది మాట్లాడేది నష్టపరిహారం, సహాయం అందించేటప్పటి గురించి. హెచ్చరిక ఎవరికి ముందు అందింది, బస్సు ఎక్కడ ఆగింది, దారి ఎవరి గడప దాకా వేశారు అన్నవి ఆ సెక్షన్ మాటల్లో లేవు. బతికి బయటపడ్డాక సమానత్వం ఉంది, బతికి బయటపడటంలో ఆ మాట లేదు. ఎస్సీ, ఎస్టీలను దారి వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం అత్యాచార నిరోధక చట్టం కింద నేరం, 2015 సవరణ ఆ సంగతి స్పష్టంగా చెప్పింది. కానీ వేయని దారిని అడ్డుకున్నారని ఎవరి మీద కేసు పెడతాం?

కాబట్టి అడగవలసినవి నాలుగు. ఒకటి, మ్యాపు వాడ గడప నుంచి మొదలవ్వాలి. నడవలేనివాళ్లు ఎందరో, ఏ మలుపులో నీరు నిలుస్తుందో వాడ మనుషులే చెప్పాలి. రెండు, ఉప్పెనకు, వరదకు, విషవాయువుకు వేరువేరు దారులుండాలి, వానాకాలంలో రాత్రిపూట ఒకసారి నడిచి చూడాలి. మూడు, తుపాను మర్నాడు పట్నాన్ని శుభ్రం చేయడానికి పారిశుధ్య కార్మికులనే పిలుస్తారు. వాళ్ల కుటుంబాలను ముందే భద్రమైన చోటికి చేర్చాలి. నాలుగు, 61వ సెక్షన్‌లో హెచ్చరిక, తరలింపు, ఆశ్రయం అన్న మాటలు చేర్చాలి.

యానాం నుంచి, కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న వాళ్లు ఈ గదిలో ఉన్నారు. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ గడప నుంచి బస్సు ఆగే చోటు దాకా నడవండి. ఎన్ని నిమిషాలో, దారిలో ఎక్కడ పల్లమో, ఎవరి ఇళ్ల ముందు నుంచి పోవాలో రాసుకోండి. 1927 మార్చి 20న మహద్‌లో మనవాళ్లు చెరువు దాకా నడిచింది నీళ్ల కోసం మాత్రమే కాదు, అందరి దారీ మనదేనని చెప్పడానికి. మీరు రాసుకొచ్చిన కాగితాలు పక్కపక్కన పెడితే, ఏ దారులు వేయలేదో తెలుస్తుంది. అక్కడి నుంచి అడుగుదాం.

జై భీమ్.