నీళ్ళు బయటికి తోడిన గాలిమర



మన ఏతమైనా, మోటైనా చేలోకి నీళ్ళు తెచ్చేవే. హాలండ్ గాలిమరది తలకిందుల పని. చేలో నిలిచిన నీటిని ఎత్తి గట్టు అవతల పోస్తుంది. మురుగు పోక కుళ్ళిన నారుమడిని చూసిన డెల్టా రైతుకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పశ్చిమ హాలండ్‌లో చాలా భూమి, కుళ్ళీ కుళ్ళని మొక్కలు వేల ఏళ్ళు నీళ్ళలో పేరుకుని ఏర్పడినది. మధ్యయుగాల్లో రైతులు కాలువలు తవ్వి ఆ నీరు తీశారు. నీరు పోయేసరికి నేల కుంగింది. గాలి తగిలి చివికి, ఇంకా కుంగింది. ఒకప్పుడు తనంతట తానే నదికి పారిన మురుగు ఇక పారలేదు. ఎత్తిపోయక తప్పలేదు. 15వ శతాబ్దం మొదట్లో గాలిమరలు ఆ పనికి దిగాయి. అవి తోడేకొద్దీ నేల మరింత కుంగింది. మొదలుపెట్టిన పనిని ఇక ఆపే వీల్లేదు.

మర లోపల చూద్దాం. రెక్కల చట్రాల మీద తెరచాప గుడ్డ పరుస్తారు. గాలి జోరైతే కొంత చుట్టేస్తారు. రెక్కల ఇరుసు మీది పళ్ళచక్రం ఒక నిలువు దూలాన్ని తిప్పుతుంది, ఆ దూలం అడుగున తెడ్లచక్రాన్ని తిప్పుతుంది. చెక్క పళ్ళు అరగకుండా తేనెమైనం రాస్తారు. గాలి దిక్కు మారితే మర తలను రెక్కలతో సహా తిప్పాలి.

నాకు అన్నిటికంటే ఇష్టం, తెడ్లచక్రం ముందుండే తలుపు. చక్రం తోసే నీటికి అది తెరుచుకుంటుంది. గాలి పడిపోయి చక్రం ఆగిందా, అవతల ఎత్తున ఉన్న నీరే వెనక్కి తన్ని దాన్ని మూసేస్తుంది. అర్ధరాత్రి లేచి మూయాల్సిన పని మనిషికి లేదు.

ఒక్క తెడ్లచక్రం నీటిని ఎత్తగలిగేది మీటరున్నర, అంతే. సరస్సునే ఎండగట్టాలంటే మరలను మెట్లుగా నిలపాలి. కిందిది పోసిన నీటిని పైది అందుకుంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన బేమ్‌స్టర్ సరస్సును 1607లో అలాగే ఎండగట్టడం మొదలుపెట్టారు. 1610లో సముద్రపు గట్టు తెగి, తోడిన చోటంతా మళ్ళీ నిండింది. వాళ్ళు వదల్లేదు. 1612లో సుమారు 7,000 హెక్టార్ల నేల తేలింది. పనిచేసిన మరలు 43. మరల పని చూసినవాడు యాన్ లేఖ్‌వాటర్. పెట్టుబడిదారుల్లో ముఖ్యుడు డిర్క్ వాన్ ఓస్, డచ్ ఈస్టిండియా కంపెనీ తొలి డైరెక్టర్లలో ఒకడు. దాదాపు ఆ ఏళ్ళలోనే ఆ కంపెనీ మన మచిలీపట్నంలో బట్టల వర్తకానికి దిగింది. మనవాళ్ళు వాళ్ళను వలందులన్నారు. బందరులో వలందపాలెం పేరు వాళ్ళదే.

19వ శతాబ్దంలో ఆవిరి పంపులు వచ్చాయి. హార్లెమ్ సరస్సును అవే తోడి 1852కు ఆరబెట్టాయి. అయినా కిండర్‌డైక్ అనే ఊళ్ళో 1738లోనూ 1740లోనూ కట్టిన మరలు ఇంకా నిలిచే ఉన్నాయి, వాటిలో కుటుంబాలు కాపురముంటున్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో పంపులకు ఇంధనం కరువైనప్పుడు, ఆ ముసలి మరలకే మళ్ళీ గుడ్డలు పరిచి నీళ్ళు తోడించారు.