వార్ధక్యమునకు ముందుచూపు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములలో మేము తిరుగునప్పుడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "వృద్ధులకు ప్రభుత్వమే పింఛను ఇచ్చుచుండగా మేము నెలనెలా డబ్బు కట్టనేల?" అని. ప్రశ్న న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైనది. కాని అది అర్హత విచారించి ఇచ్చునది. తాను కట్టుకొన్న పింఛనును 60వ యేట అడుగుటకు అట్టి విచారణ లేదు.

2015లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన అటల్ పింఛను యోజనను చూతము. 18 మొదలు 40 ఏండ్ల వయస్సు గలిగి, బ్యాంకులోగాని తపాలా కార్యాలయములోగాని పొదుపు ఖాతా ఉండి, ఆదాయపు పన్ను చెల్లించని వారు ఇందు చేరవచ్చును. 60 ఏండ్లు నిండిన పిదప నెలకు 1,000 మొదలు 5,000 రూపాయల వరకు, వారు ఎంచుకొన్న మేరకు లభించును. పింఛనుదారు మరణించినచో భార్యకు లేక భర్తకు అంతే మొత్తము వచ్చుచుండును.

5,000 రూపాయల పింఛను కోరువాడు 18వ యేట చేరినచో నెలకు 210 రూపాయలు, 30వ యేట 577, 40వ యేట 1,454 కట్టవలెను. మొదటివాడు 42 ఏండ్లలో కట్టునది లక్షా ఆరు వేలకు లోపు. చివరివాడు 20 ఏండ్లలోనే దాదాపు మూడున్నర లక్షలు కట్టును. ఆలస్యమునకు వెల ఇంత!

అయినను అందరును వెంటనే చేరవలెనని మేము చెప్పము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పున్న రైతు ముందు ఆ అప్పు తీర్చుకొనవలెను. ఏటికి నూటికి ఇరువదినాలుగు రాబడి తెచ్చు పొదుపు మాకు తెలిసినంతవరకు లేదు. కుమార్తె పెండ్లికి దాచు సొమ్మును కూడ ఇందులో వేయరాదు. 60కి ముందు వైదొలగినవారికి తాము కట్టినది, దానిపై వచ్చిన ఆదాయము, ఖర్చులు పోగా దక్కునేగాని పింఛను హామీ ఉండదు.

మరియొక మాట. ప్రచార శాఖవారు ఇట్లు చెప్పుదురా అని మీరు నవ్వవచ్చును. ధరలతోపాటు ఈ పింఛను పెరుగదు. ధరలు ఏటా నూటికి ఆరు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లకు రెట్టింపగును. నేడు 24 ఏండ్లవానికి 60 వచ్చునప్పటికి ఆ 5,000 నేటి ఆరువందల పైచిలుకుకు సమానము. కావున దీనిని చేతికఱ్ఱగానే ఎంచి, ఉన్న ఎకరమును తొందరపడి కుమారులకు వ్రాసి ఇయ్యకుండుట మేలు.

కూలివారికి నెలసరి వాయిదా, పంట మీద డబ్బు చూచువారికి ఆరునెలల వాయిదా అనుకూలము. వాయిదా నాటికి ఖాతాలో సొమ్ము లేనిచో నూరు రూపాయలకు నెలకు ఒక రూపాయి అదనముగా పడును. ఈ సంగతి తెలియక మానివేసినవారు ఉందురు. గ్రామసభ రోజున బ్యాంకు వారిని పిలిపించి, మీ పంచాయతీలోని యువతీయువకులకు ఈ లెక్కలు ఎదుటనే వేయించుడు. చేరినవారి ఖాతా సంఖ్యను, నామినీ పేరును ఇంటిలోని ఆడువారికి కూడ తెలియజేయుడు.