పవన్ సెహ్రావత్ మట్టి బరిలో దిగితే?

2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ రూ.2.605 కోట్లు పెట్టి కొన్న పవన్ సెహ్రావత్‌ను మన తాతల కాలం చెడుగుడు బరిలో దింపితే ఎట్లుంటది?

ముందు రూల్స్ చూద్దాం. ప్రొ కబడ్డీలో కూతకు 30 సెకన్లే. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదంటే ఔట్. అంటే రైడర్ దాడి చేయక తప్పదు. ఇలాంటి ఆటలోనే పవన్ 2019లో బెంగళూరు బుల్స్ తరఫున హర్యానా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు కొట్టాడు.

పాత బరిలో టైమర్ లేదు, దమ్మే గడియారం. కింద మ్యాట్ లేదు, కాళ్లకు షూస్ లేవు. వదులు మట్టిలో డిఫెండర్ల మీది నుంచి ఎగరడం కష్టం. కాబట్టి పవన్ అప్పుడూ రైడరే. కానీ జంప్‌లు తగ్గించి, చెయ్యి చాపి టచ్ చేసి వచ్చే రైడర్ అయ్యేవాడని నా లెక్క.

మరి ఇరాన్ ఫజల్ అత్రాచలీ? అప్పుడూ లెఫ్ట్ కార్నరే, డౌట్ లేదు. కాలి పట్టు ఏ నేల మీదైనా పట్టే.

కొల్లాపూర్ తమ్ముళ్లూ, ఇది మీకోసమే. టీవీలో మ్యాట్ చూసి “మనది పాత ఆట” అనుకోకండి. మట్టి మీకు దమ్మునూ పట్టునూ ఇస్తది. తక్కువైనవి రెండే: 30 సెకన్ల అలవాటు, మ్యాట్ మీద అడుగు. మొదటిది ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఈరోజే మొదలుపెట్టొచ్చు. రెండోదానికి, సెలక్షన్‌కు ముందు కొన్ని రోజులైనా షూస్ వేసుకుని మ్యాట్ మీద ఆడండి. నేరుగా పోతే కాళ్లు తడబడతయ్.

మీ టీమ్‌లో ఎవరు ఏ పొజిషనో కామెంట్ చేయండి. మళ్లీ కలుద్దాం!