ఒంటికి తగిన సైకిలు



ఈ పొద్దు మాట సైకిలు గురించి. "సైకిలు గురించి చెప్పేదేముంది, తొక్కేదే కదా" అని కొందరు నవ్వుతారు. నవ్వనీండి. చొక్కా కుట్టించేటప్పుడు దర్జీకి కొలత ఇస్తారు. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూస్తారు. వేల రూపాయలు పోసి కొనే సైకిలుకు మాత్రం కొలత చూసేవాళ్ళు తక్కువ. రంగు చూస్తారు. బెల్లు కొట్టి చూస్తారు. ఇంటికి తెచ్చుకుంటారు. నెల తిరిగేసరికి నడుము నొప్పి, మెడ నొప్పి, అరచేతులకు తిమ్మిరి.

కల్లూరులో ఆకుకూరలు అమ్మే ఒక అక్క ఉందనుకోండి. హంద్రీ దాటి కర్నూలుకు పోయి అమ్ముకొని రావాల. ఇంట్లో భర్త సైకిలు ఉంది. 24 అంగుళాల ఫ్రేము. ఆమె ఐదడుగుల మనిషి. పై రాడ్డు మీదుగా కాలు వెయ్యలేదు, చీర అడ్డం. అందుకని గంపను క్యారియరుకు కట్టి, సైకిలును నెట్టుకుంటూ నడుస్తుంది. సైకిలు ఉండీ నడకే! ఆమె చేరేసరికి ఎండ ఎక్కుతుంది. కూర వాడుతుంది. ధర పడిపోతుంది. ఇంకో సైకిలు కొందామంటే "ఉన్నది చాలదా" అంటాడు ఆయన. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, దుడ్లు ఊరికే రావు. కానీ అది ఆయనకు సైకిలు. ఆమెకు తోపుడు బండి.

సైకిలుకు ఫ్రేము అంటే మనిషికి ఎముకల గూడు లాంటిది. టైరు పోతే మార్చొచ్చు. చైను మార్చొచ్చు. సీటు ఎత్తు పెంచొచ్చు, తగ్గించొచ్చు. హ్యాండిలు కూడా కొంచెం పైకి లేపొచ్చు. ఫ్రేము పొడుగును మాత్రం ఎంత మంచి మెకానిక్కయినా మార్చలేడు. అందుకే పాతది మార్చి మంచిది కొనాలనుకున్నప్పుడు ముందు చూడాల్సింది ఫ్రేము. గేర్లు, డైనమో, తళతళలు తర్వాత.

షాపులో 20, 22, 24 అంగుళాలు అని చెప్తారు. అది చక్రం కొలత అనుకొని చానా మంది పొరపడతారు. చక్రం కొలత వేరే. అది 26 అనో, 28 అనో ఉంటుంది. ఫ్రేము కొలత అంటే పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి సీటు కింద గొట్టం కొస దాకా ఉండే పొడవు. దర్జీ టేపుతో ఎవరైనా కొలవొచ్చు. అంకెలు నేర్చుకున్నది ఇందుకే కదా.

ఇక ఒంటికి సరిపోతుందా లేదా ఎట్లా తెలుస్తుంది? రాడ్డు ఉన్న సైకిలయితే దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసి నేల మీద నిలబడాలి. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి. రాడ్డుకు, ఒంటికి మధ్య కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి. లేకుంటే అది పెద్ద ఫ్రేము. ఉన్నట్టుండి బ్రేకు వేసి దిగినప్పుడు ఆ రాడ్డు ఎక్కడ తగులుతుందో అన్నలకు చెప్పనక్కర లేదు.

తర్వాత పొడుగు చూడాలి. మోచేతిని సీటు ముక్కుకు ఆనించి చెయ్యి ముందుకు చాపితే వేళ్ళ కొసలు దాదాపు హ్యాండిలు కాడ దాకా రావాలి. రెండు మూడు వేళ్ళు తక్కువైతే ఫర్వాలేదు. జానెడు తక్కువైతే ఆ సైకిలు మీద మనిషి వంగి, చేతులు సాగదీసుకొని కూర్చోవాల్సి వస్తుంది. ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. నొప్పి అక్కడే మొదలవుతుంది. సీటు ఎత్తుకూ ఒక గుర్తు ఉంది. పెడల్ బాగా కిందికి పోయినప్పుడు దాని మీద మడమ పెడితే మోకాలు చక్కగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు పెట్టేది ముందు పాదం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాళ్ళు నొప్పెడతాయి.

ఆ అక్కకు కావాల్సింది రాడ్డు లేని ఫ్రేము. ఆడవాళ్ళ సైకిలు అంటారు. దానికి పై గొట్టం కిందికి వాలి ఉంటుంది. చీరతోనే ఎక్కొచ్చు, దిగొచ్చు. పంచె కట్టే తాతలకూ, మోకాళ్ళు పట్టేసిన పెద్దాయనలకూ అదే సుఖం. సిగ్గు పడాల్సిన పని లేదు. వెనక చక్రానికి వల ఉందో లేదో చూసుకోవాలి. చీర కొంగు, క్యారియరు మీద కూర్చున్న పిల్లల పాదం పుల్లల్లో పడకుండా కాపాడేది అదే.

మరి రాడ్డు ఎందుకు పెట్టారు? నాలుగు తంగేడు పుల్లలను చతురంగా కట్టి ఊపండి. వంకర పోతుంది. మూడు పుల్లలను ముక్కోణంగా కట్టి ఊపండి. కదలదు. రాడ్డు ఉన్న ఫ్రేములో ఆ ముక్కోణం బలం ఉంది. ఇంగ్లాండులో కోవెంట్రీ అనే ఊళ్ళో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన 1885లో రోవర్ అనే సైకిలు చేశాడు. అంతకు ముందు సైకిళ్ళకు ముందు చక్రం మనిషి ఎత్తు ఉండేది, పడితే తలే పగిలేది. రోవర్ తర్వాత కొన్నేళ్ళకే ఇప్పటి ఈ రాడ్డు ఫ్రేము రూపం స్థిరపడింది. రెండు పాల క్యాన్లు, బస్తా గడ్డి మోసేవాళ్ళకు ఇప్పటికీ అదే మేలు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో చదువు ఉద్యమంతో పాటే ఆడవాళ్ళు సైకిలు నేర్చారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ప్రోత్సహించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్క చానా మంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. అందులో కొందరు ఆ రాడ్డే బాగుందన్నారు, బిడ్డను ముందు కూర్చోబెట్టుకోవచ్చని! ఎవరి అక్కర వాళ్ళది. ఎంచుకునేది తొక్కే మనిషి కావాలి, అంతే.

కుర్రవాళ్ళకు లావు టైర్లు, ముందు స్ప్రింగులు ఉన్న సైకిళ్ళంటే మోజు. తక్కువ ధర స్ప్రింగు బరువు పెంచుతుంది, తొక్కిన బలాన్ని కొంత మింగుతుంది. గతుకులకు దానికన్నా పాత పద్ధతే నయం. కొంచెం ముందుకు వంగిన ఫోర్కు, స్ప్రింగు సీటు, మరీ సన్నం కాని టైరు. పైగా నల్లరేగడిలో వాన పడితే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు లేని సైకిలు అడుగు కదలదు. భుజాన మోసుకు రావాల్సిందే. పందెం సైకిళ్ళు రంగుకు బాగుంటాయి గానీ, హ్యాండిలు కిందికి ఉండి నడుము వంచుతాయి. అల్యూమినియం ఫ్రేము తేలిక. అయితే విరిగితే మామూలు వెల్డింగు షాపులో అతకడం కష్టం. ఉక్కు ఫ్రేమును చానా ఊళ్ళలో అతకగలరు.

పాత సైకిలు కొనేవాళ్ళు ఒక పురికొస తీసుకొని పోండి. వెనక చక్రం ఇరుసు దగ్గర కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క ఇరుసు దగ్గరికి బిగువుగా తెచ్చి కట్టండి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఫ్రేము వంకర. ఎక్కడో గుద్దుకున్న బండి అది. హ్యాండిలు గొట్టం దగ్గర రంగు సన్నగా చిట్లి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు.

కొత్తదైనా పాతదైనా బిల్లు అడగాలి. ఫ్రేము మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది, సీటు కింద గొట్టం మీదో, పెడల్ ఇరుసు అడుగునో. ఆ నంబరు బిల్లులో రాయించుకోవాలి. సైకిలు పోయినప్పుడు పోలీసు స్టేషన్‌లో తమదే అని చూపించుకోవడానికి అది పనికొస్తుంది. రాసిచ్చిన కాగితాన్ని అట్లాగే మడిచి కొంగున ముడేసుకోకుండా, సైకిలును పక్కకు వాల్చి, అంకె అంకె తామే చదివి సరిచూసుకోవాలి. 3ను 8గా రాసేవాళ్ళు ఉంటారు.