అర్హులు దొరకడం లేదా?
నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో చేసిన స్మారకోపన్యాస పాఠం



మాస్టారి పేరు మీద మాట్లాడమని నన్ను పిలవడం గౌరవమే. ఆయన మంచితనం గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేనొక్కటి కలుపుతాను. రాబిన్ జెఫ్రీ రాసిన ‘ఇండియాస్ న్యూస్‌పేపర్ రివల్యూషన్’ పుస్తకాన్ని ఆయన నా దగ్గర అడిగి తీసుకుని, ఎన్నో ఏళ్లు ఇవ్వలేదు. చివరికి ఇస్తే, నిండా పెన్సిలు గీతలు. పత్రికాఫీసుల్లో తనకు దళితులు తారసపడలేదని జెఫ్రీ వాపోయిన చోట పక్కన ఇలా రాసి ఉంది: “దొరగారు పట్నంలో ఆగిపోయారు. బోగోలు దాకా వస్తే కనిపించేవాళ్లు.” నా ఉపన్యాసమంతా ఆ రెండు వాక్యాలకు వ్యాఖ్యానం అనుకోండి.

తెలిసిన సంగతులను త్వరగా దాటేస్తాను. అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ పెట్టింది 1920 జనవరి 31న. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ‘భాగ్యనగర్’ పత్రిక 1931లో వచ్చింది. కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపారు. దళితులు పత్రికారంగానికి కొత్తవాళ్లేమీ కాదు. 2006లో ఢిల్లీ మీడియాలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కగడితే ఒక్క దళితుడూ, ఒక్క ఆదివాసీ కూడా లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ సంస్థలు 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాలవే. వీటి మీద నాకు తగాదా లేదు. ఈ లెక్కలు చూశాక అందరూ చెప్పే ముగింపు మీదే నా తగాదా. “చదువుకున్న దళితులు దొరకడం లేదు. స్కాలర్‌షిప్పులిచ్చి చదివిస్తే వాళ్లే వస్తారు.” ఎంతో మంచి మనసుతో అనే మాట ఇది. అందుకే దీన్ని ఎవరూ పరీక్షించరు.

ఈ మాటకు మూలం 1996. ఆ ఏడాది వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెనెత్ కూపర్ తనకొక దళిత పాత్రికేయుణ్ణి చూపించమన్నాడు. బి.ఎన్. ఉనియాల్ వెతికి, ‘పయనీర్’ పత్రికలో వ్యాసం రాశారు. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో గుర్తింపు పొందిన 686 మంది జాబితా తీసుకున్నారు. వారిలో 454 మంది పేర్లే కులం చెప్పేశాయి. మిగిలినవారిలో కొందరికి ఫోన్ చేసి అడిగారు. ఒక్క దళితుడూ తేలలేదు. అంతవరకు ఆయన చేసింది గొప్ప పని. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మూడు చోట్ల తప్పుగా చదివారని నా వాదన.

మొదటిది. ఆ జాబితా రాజధానిలో గుర్తింపు కార్డున్నవారిది. తెలుగునాట కథ వేరు. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలానికొక విలేకరి కావలసి వచ్చాడు. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. ఆ తలుపులోంచి దళిత కుర్రాళ్లు చాలామందే లోపలికొచ్చారు. వారి ఇంటిపేర్లను బట్టి కులం పట్టుకోవడం ఇక్కడ కుదరదు. ఉనియాల్ పద్ధతిలో వెతికితే వాళ్లెవరూ కనిపించరు. వాళ్లు లేకపోలేదు. వార్తను కొలిచి డబ్బిచ్చే లైన్ అకౌంట్ దగ్గర ఉన్నారు, డెస్కు దగ్గర లేరు.

రెండోది, అసలైనది. ఆ జాబితా ఇచ్చిన ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ప్రభుత్వ శాఖ. అందులో అధికారుల నియామకాలకు రిజర్వేషన్ ఉంది. ఆకాశవాణి వార్తా విభాగాలకూ ఉంది. అక్కడ దళితులు పనిచేస్తున్నారు. వాళ్లు చదివిందీ ఉస్మానియాలాంటి విశ్వవిద్యాలయాల్లోనే, పొందిందీ అందరూ పొందే డిగ్రీలే. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. షెడ్యూల్డ్ కులాల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచి ఉంది. ఒకే తరగతి గదిలోంచి వచ్చినవాళ్లు సర్కారు వార్తా విభాగానికి దొరికి, ప్రైవేటు పత్రికకు దొరకలేదంటే లోపం తరగతి గదిదా?

“భాష సరిపోదు” అనే సమాధానం వెంటనే వస్తుంది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ అనే దళిత కవితా సంకలనం వచ్చింది. ఆ దశాబ్దంలో దళిత కవిత్వానికి పత్రికల సాహిత్య పేజీలు చోటిచ్చాయి, మెచ్చుకున్నాయి. ఆదివారం కవిత వేసుకున్న పత్రికకు సోమవారం సబ్ ఎడిటర్ దొరక్కపోవడం భాషా సమస్య ఎలా అవుతుంది? చదువే అడ్డమనేవారు జహీరాబాద్ దగ్గరి మాచనూరు వెళ్లి చూడాలి. అక్కడ 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోను నడిపింది ఏ జర్నలిజం కాలేజీ మెట్లూ ఎక్కని దళిత మహిళలు. చిత్తూరు జిల్లాలో 2001లో వచ్చిన ‘నవోదయం’ పత్రికకు పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులు.

మూడోది, ఆ జాబితా చదివినవారు లెక్కలోకి తీసుకోని డబ్బు సంగతి. మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఉంటుంది. పెట్రోలు, ఫోను తనవే. పైగా ప్రకటనల టార్గెట్. ఇక్కడ కులం తన పని తాను చేస్తుంది. ఎరువుల డీలరు మేనమామ, హేచరీ యజమాని బావ అయినవాడికి టార్గెట్ భారం కాదు. దళితవాడ కుర్రాడికి ప్రకటన ఇచ్చే చుట్టం ఎవరు? ఈ తీరంలో రొయ్యల గుంటల ఉప్పునీటికి వాడలో బోరు చెడిందని రాయవలసినవాడే, సంక్రాంతి ప్రకటనకు ఆ గుంట యజమాని గుమ్మం ఎక్కాలి. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెప్పింది. మారిందని రాస్తే టార్గెట్ పోతుంది. రాయకపోతే ఇంటికి వెళ్లి మొహం చూపించలేడు. నాలుగైదేళ్లు చూసి మానేసి, ఆటో తోలుకుంటాడు. తర్వాత మనం సెమినార్ పెట్టి, దళితులు పత్రికల్లోకి రావడం లేదంటాం.

స్కాలర్‌షిప్పులు వద్దని నేను అనడం లేదు. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్పు విలువైనదే. అయితే అక్కడి చదువు ఇంగ్లీషులో, మన కుర్రాళ్ల ఇంటర్ తెలుగులో. మన రాష్ట్రంలో 2020లో 77 నంబరు జీవో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటును ఆపేసింది. జర్నలిజం ఎక్కువగా పీజీలోనే ఉంటుందన్నది ఆ జీవో రాసినవారికి గుర్తుకొచ్చినట్టు లేదు. అన్నీ సవ్యంగా ఉన్నా స్కాలర్‌షిప్పు డిప్లొమా చేతికొచ్చిన రోజే ఆగిపోతుంది. మనిషి నిలబడాల్సింది ఆ మర్నాటి నుంచి రెండేళ్లు.

అమెరికాను ఉదాహరణగా చెప్పేవారు సగమే చెబుతారు. నగరాల్లో జాతి అల్లర్లపై వేసిన కెర్నర్ కమిషన్ 1968లో పత్రికలను తప్పుపట్టాక నల్లవారికి శిక్షణ కార్యక్రమాలు వచ్చాయి, నిజమే. అంతటితో ఆగలేదు. 1978లో అక్కడి సంపాదకుల సంఘం తమ ఆఫీసుల్లో అల్పసంఖ్యాక జాతుల వారెందరో ఏటేటా లెక్కపెట్టి ప్రకటించడం మొదలెట్టింది. 2000 నాటికి జనాభాలో వారి వాటాను అందుకుంటామంది. అందుకోలేదు. 4 శాతం దగ్గర మొదలై ఆ గడువుకు 12 శాతం దగ్గరే ఉంది. ఓడిపోయిన సంగతి లోకానికి తెలిసింది, ఎందుకంటే లెక్క వాళ్లే చెప్పారు. మన సంపాదకులు ఓడిపోయే ధైర్యమైనా చేయలేదు.

మాస్టారి స్మారక నిధి నిర్వాహకులకు నా సూచన ఇది. ఫస్టు వచ్చినవారికి బహుమతి ఇవ్వండి, కాదనను. వడ్డీలో పెద్ద వాటా మాత్రం ఇప్పటికే రాస్తున్న ఒక దళిత విలేకరికి రెండేళ్లు నెలనెలా ఇవ్వండి. అబ్బాయి కావచ్చు, అమ్మాయి కావచ్చు. ప్రకటనలు అడగబోమనీ, డెస్కులో కూర్చోబెడతామనీ రాసిచ్చిన పత్రికకే ఆ విలేకరిని పంపండి.

ఇక నేను ఇప్పుడు చేస్తున్న పని గురించి. 1989 నుంచి నెల్లూరు, ప్రకాశం తీర మండలాల్లో పనిచేసిన దళిత విలేకరుల వివరాలు కూర్చుతున్నాను. ఎవరు, ఏ మండలం, ఏం రాశారు, ఎందుకు మానేశారు. కత్తిరించి దాచుకున్న వార్తలు, లైన్ అకౌంట్ చీటీలు, పాత గుర్తింపు కార్డులు మీ ఇళ్లలో ఉంటే చూపించండి. ఫోటో తీసుకుని అక్కడికక్కడే తిరిగిస్తాను. పేరు వేయాలో వద్దో వాళ్ల ఇష్టం. కులం బయటపడితే ఇల్లు అద్దెకు దొరకని ఊళ్లలో బతికేవాళ్లున్నారు. వాళ్ల పేర్లు నా దగ్గరే ఉంటాయి.

ఒప్పుకున్నవారివి మాత్రం అచ్చు వేస్తాం. అర్హులు దొరకడం లేదని చెప్పే ప్రతి సంపాదకుడికీ ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాం, ఫోన్ నంబర్లతో సహా. అందినట్టు సంతకం చేసిన రసీదులు జాగ్రత్తగా దాస్తాను. మలి ముద్రణలో అనుబంధంగా వేయడానికి పనికొస్తాయి.