బాల్యమున వాద్యాభ్యాసము – యావజ్జీవ సంగీతాభిమానము
(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



ఈ మహాసభయందు విద్యావిషయమై ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు విపులముగ సెలవిచ్చియున్నారు. కావున బడి కాలపట్టికలో తఱచుగ చోటు దొరకని యొక విద్యను గూర్చి మేము నాలుగు మాటలు విన్నవింతుము. అది వాద్యవిద్య.

మన పూర్వులు వాద్యమును కేవల వినోదముగ నెంచలేదు. భరతముని నాట్యశాస్త్రమున వాద్యములను తతములు, అవనద్ధములు, ఘనములు, సుషిరములు అని నాలుగు తెఱగులుగ విభజించెను. తీగలు గలవి తతములు, చర్మము బిగించినవి అవనద్ధములు, తాళములు మున్నగునవి ఘనములు, ఊదునవి సుషిరములు. యాజ్ఞవల్క్యస్మృతియు వీణావాదనతత్త్వము నెఱిగి, శ్రుతిజాతులయందు నేర్పును తాళజ్ఞానమును గలవానికి మోక్షమార్గము అప్రయాసముగ లభించునని చెప్పినది. వ్యవహారములను, ప్రాయశ్చిత్తములను బోధించు ధర్మశాస్త్రమున నీ మాట యుండుట గమనింపదగినది.

అయినను ప్రాచీనప్రమాణములకంటె ఇరుగుపొరుగు నిదర్శనములే బాలురకు నచ్చును. మన కైకలూరు రైలుమార్గమున ఒక వంక గుడివాడ, వేఱొక వంక భీమవరము, దాని కావల పాలకొల్లు గలవు. ఆ పాలకొల్లున 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఉప్పలపు శ్రీనివాస్ జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను చేత బట్టెను. అది పరదేశపు వాద్యము. రుద్రరాజు సుబ్బరాజుగారు ఆ బాలుని శిష్యునిగ గైకొనిరి. గురువుగారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండెడివారు, బాలుడు విని తీగలపై పలికించుచుండెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములయందు అతని తొలి కచేరి జరిగెను. జతతీగల వాద్యమును ఒంటితీగలు ఐదు గల విద్యుద్వాద్యముగ మార్చుకొని, దానిపై కర్ణాటకసంగీతపు గమకములను పలికించి దేశదేశములవారిని మెప్పించెను. 1998లో పద్మశ్రీ బిరుదమందెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, 45 ఏండ్ల ప్రాయముననే, దివంగతుడయ్యెను.

ఇందు విచారింపదగిన దొకటి గలదు. గురువు వ్రేళ్లను చూచి నేర్చుకొను వీలు ఆ బాలునకు లేకుండెను. కావున చేతికంటె ముందు చెవి చదువుకొన్నది. వాద్యాభ్యాసము నిజమునకు శ్రవణాభ్యాసము. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి తండ్రి వేణువు వాయించువారు, తల్లి వీణ వాయించువారు. 1930లో జన్మించిన ఆ శిశువు గాయకశిఖామణి యయ్యెను. వయోలిన్, మృదంగము, కంజీర కూడ స్వాధీనములయ్యెను. గృహమున వాద్యమున్నచో చెవికి ప్రత్యేకముగ బడి పెట్టనక్కఱలేదు.

"వారు మహావిద్వాంసులు, మా పిల్లవానికి అంతటి ప్రతిభ యెక్కడిది?" అని కొంద రందురు. విద్వాంసుడగుట వేఱు, రసికుడగుట వేఱు. తోడిరాగమున గాంధారమును కదలించి పలుకవలెనని పుస్తకమున చదివినవానికి అది వార్త. తీగను లాగి లాగి వ్రేలు కాయకాచినవానికి అది అనుభవము. కావ్యములను పలుమాఱు పరిశీలించుటచే మనోదర్పణము నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తాచార్యుల మతము. సంగీతమునకును అదియే న్యాయము.

మేమును బాల్యమున నాలుగేండ్లు వేణువు నభ్యసించితిమి. సభలలో వాయింపదగిన నేర్పు కలుగలేదు. ఉద్యోగమున ప్రవేశించిన పిదప సాధనయు తగ్గినది. కాని చెవి తగ్గలేదు. 1948లో స్థాపితమైన విజయవాడ ఆకాశవాణి మా యౌవనమునకు గురుకులము. పల్లవి యెత్తుకొన్నచోటనే ఊపిరి యెక్కడ నిలుపవలయునో మా ఱొమ్మునకు నేటికిని తెలియును. ఉద్యోగవిరమణానంతరము సాయంకాలములు దీర్ఘములగును, పలుకరించువారు తగ్గుదురు. అట్టి వేళ నాలుగేండ్ల ఆ చదువే మాకు తోడైనది. పింఛను వలె అదియు నెలనెలయు అందుచునే యున్నది.

ఇక మన యిండ్లలో జరుగు చున్నదేమి? పదవతరగతి పరీక్ష సమీపింపగనే పిల్లవాని వాద్యము అటకెక్కును, మఱల దిగదు. ఆడపిల్లకు పెండ్లిచూపులవఱకే వీణ. అత్తవారింట దానికి గోడయే గతి. నూజివీడున, బొబ్బిలిలో పనసచెక్కను తొలిచి వీణలు చేయు శిల్పులు తమ జీవితములను ధారవోసినది గోడల యలంకారమునకా?

కులసంఘవేదికపై నిలిచి మఱియొక మాట చెప్పుట మా విధి. సన్నాయి వారిది, డప్పు వీరిది, వీణ వేఱొకరిది యని వాద్యములను కులములకు పంచియుంచితిమి. పెండ్లిలో సన్నాయిని మంగళవాద్యమని మన్నింతుము. వాయించినవానికి విస్తరి మాత్రము కడపటి పంక్తిని వేయుదుము. సప్తస్వరములలో ఏ స్వరమునకును కులము లేదు. ఈ భేదమును పాటించు గృహమున బాలుడు నేర్చునది శ్రుతి కాదు, అపశ్రుతి.

కావున మా విన్నపములు మూడు. సంఘవసతిగృహమున వారమునకు రెండు దినములు వాద్యాధ్యాపకుడు వచ్చునట్లు ఏర్పాటు గావింపుడు. సన్నాయి, డోలు వాయించు ఈ ప్రాంతపు వంశీకులను ఏ కులమువారైనను గురుస్థానమున కూర్చుండబెట్టి గౌరవింపుడు. కుమార్తెను అత్తవారింటికి పంపునపుడు వీణతోపాటు అభ్యాసమునకు గడియసేపు విరామమును కూడ ఒప్పందమున చేర్పుడు.

వేణువు వెల యొక పాఠ్యపుస్తకపు వెలకు మించనక్కఱలేదు. దాని ఫలము మాత్రము అఱువది యేండ్లు దాటినను తఱుగదు. పెద్దలు యోచింతురుగాక!

స్వస్తి.